ఇతర మతాల ప్రార్థనా స్థలాలకు ఏం కట్టుకుని వెళ్లాలి, కట్టుకున్నవారితో ఎలా మెలగాలి

అమృత్‌సర్ స్వర్ణమందిరంలోకి తల కప్పుకోకుండా వచ్చిన మగవాణ్ణి గడప దాటనివ్వరు. మెదక్ చర్చిలో ప్రార్థనకు లేచి నిలబడిన మగవాడు నెత్తిన టోపీ ఉంటే తీసి చేత పట్టుకుంటాడు. తిరువనంతపురం పద్మనాభస్వామి ఆలయంలో చొక్కా విప్పి పంచె కడితేనే మగవారికి దర్శనం. అబూధాబీలోని షేక్ జాయెద్ మసీదులో నిక్కరుతో వచ్చినవారిని వాకిట్లోనే ఆపేస్తారు. ఈ నాలుగు చోట్లా జరుగుతున్నది దైవం ముందు వినయం చూపడమే అయినా, ఒకచోట పనికొచ్చిన పద్ధతి మరొకచోట తప్పవుతుంది. కాబట్టి మన ఇంట్లో నేర్చుకున్న మర్యాద అన్నిచోట్లా చెల్లుతుందనుకుని బయలుదేరడం, చెల్లనప్పుడు అవతలివారిది మూఢత్వమనుకోవడం, రెండూ పొరపాట్లే.

ఈ వ్యాసంలో రెండు విషయాలు చెప్పదలచుకున్నాను. ఒకటి, మరో మతం వారి ప్రార్థనా స్థలానికి వెళ్లేటప్పుడు ఏం ధరించాలన్నది. రెండవది, మతనియమం ప్రకారం నిత్యం ప్రత్యేకమైన దుస్తులు ధరించే సహోద్యోగితో, ఇరుగుపొరుగుతో, విద్యార్థితో, రోగితో ఎలా మెలగాలన్నది. మొదటిది ఒక్క పూట శ్రద్ధతో అయిపోతుంది. రెండవది అంత తేలిక కాదు కనుక దాని గురించే ఎక్కువగా రాశాను.

బయలుదేరే ముందు

ఏ ప్రార్థనా స్థలానికి వెళ్తున్నా ముందుగా తెలుసుకోవలసినవి మూడు: తల కప్పాలా కప్పకూడదా, భుజాలు మోకాళ్ల విషయంలో నియమం ఏమిటి, చెప్పులు ఎక్కడ వదలాలి. వీటికి తోడు తోలు వస్తువులు, పొగాకు, ఫొటోల గురించి కూడా అడిగి పెట్టుకుంటే మంచిది. ఈ వివరాలు ఆ ఆలయం లేదా మసీదు వారి సొంత వెబ్‌సైటులో చూడాలి, లేదా అక్కడికి ఫోన్ చేసి అడగాలి. ఎవరో యాత్రికుడు ఎప్పుడో తీసిన వీడియో చూసి నమ్ముకోకూడదు, ఎందుకంటే ఈ నియమాలు మారుతుంటాయి. మన తిరుమలలోనే ఆర్జిత సేవలకు, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికి వెళ్లేవారు సంప్రదాయ దుస్తుల్లో ఉండాలన్న నియమం తెలియక, జీన్సుతో వచ్చి, అప్పటికప్పుడు కొండ మీద దుకాణాల్లో పంచెలు కొనుక్కునేవారు కనిపిస్తూనే ఉంటారు. మన సొంత గుడిలోనే ఇలా జరుగుతున్నప్పుడు పరాయి చోట ముందే అడగడంలో చిన్నతనం ఏమీ లేదు.

సంచిలో పెట్టుకోవలసినవి కొద్దిపాటివే. రెండు రెండున్నర మీటర్ల పల్చని నూలు చున్నీ ఆడవారికే కాక మగవారికి కూడా ఉపయోగపడుతుంది, భుజాల మీద కప్పుకోవడానికైనా తలకు చుట్టుకోవడానికైనా. మోచేతులు దాటే వదులైన చొక్కా లేదా కుర్తా, చీలమండల దాకా వచ్చే ప్యాంటు లేదా పావడా, ఒక పంచె, చెప్పులు వేసుకోవడానికి గుడ్డసంచి చాలు. పల్చని వస్త్రం లోపలి ఒళ్లు కనిపించేలా ఉంటే పొడవుగా ఉన్నా చాలాచోట్ల ఒప్పుకోరు. ఒంటికి అతుక్కునే లెగ్గింగుల సంగతీ అంతే. మీ వెంట పిల్లలు ఉంటే వారి నిక్కర్ల విషయం కూడా చూసుకోవాలి, ఎందుకంటే పిల్లలకు మినహాయింపు ఏ వయసు దాకా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

గడప దగ్గర

గురుద్వారాతో మొదలుపెడతాను, ఎందుకంటే తెలుగువారికి అది దగ్గరలోనే ఉంది. బాసర వెళ్లినవారిలో చాలామంది అక్కడి నుంచి నాందేడ్ వెళ్లి హజూర్ సాహిబ్ చూసి వస్తారు. హైదరాబాదు నుంచి బీదర్‌లోని నానక్ ఝీరాకు ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. గురుద్వారాలో ఆడ, మగ, చిన్న, పెద్ద అందరూ తల కప్పుకోవాలి. ఎండకు పెట్టుకునే టోపీతో లోపలికి వెళ్లకూడదు. రుమాలు గానీ చున్నీ గానీ చుట్టుకోవాలి. తెచ్చుకోకపోతే పెద్ద గురుద్వారాల వాకిట్లో రుమాళ్లు ఉచితంగానే ఇస్తారు. చెప్పులతో పాటు మేజోళ్లు కూడా విప్పి, గుమ్మం ముందు పారే నీటిలో కాళ్లు కడుక్కుని వెళ్లాలి. జేబులో సిగరెట్ పెట్టె, గుట్కా పొట్లం ఉండకూడదు. సిక్కులకు పొగాకు నిషిద్ధం కనుక దాన్ని లోపలికి తేవడాన్ని వారు తీవ్రంగా తీసుకుంటారు. లోపల కూర్చున్నప్పుడు సిక్కుల పవిత్ర గ్రంథమైన గురుగ్రంథ సాహిబ్ వైపు కాళ్లు చాపకూడదు. లంగరులో, అంటే గురుద్వారా భోజనశాలలో, భోజనానికి కూర్చున్నా తల మీద రుమాలు అలాగే ఉండాలి. అన్నం దగ్గరకు రాగానే చాలామంది తీసేస్తారు.

దర్గాల సంగతి తెలుగువారికి కొత్త కాదు. కడప పెద్ద దర్గాకు, మొహర్రం సమయంలో నెల్లూరు బారాషహీద్ దర్గాకు హిందువులు, ముస్లింలు కలిసే వెళ్తారు. నెల్లూరులో ఆ దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువు నీటిలో నిలబడి రొట్టెలు మార్చుకునే ఆడవారిలో ఎవరిది ఏ మతమో చూసి చెప్పడం కష్టం. దర్గా లోపలికి వచ్చేసరికి అందరూ కొంగు తల మీదికి లాక్కుంటారు, మగవారు చేతిరుమాలైనా నెత్తిన వేసుకుంటారు. మసీదుల్లో కొంచెం ఎక్కువ జాగ్రత్త అవసరం. హైదరాబాదు మక్కా మసీదును చూడటానికి ఏ మతం వారైనా వెళ్లవచ్చు గానీ, నమాజు వేళలు, ముఖ్యంగా శుక్రవారం మధ్యాహ్నం, చూడటానికి వెళ్లవలసిన సమయం కాదు. ఆడవారు జుట్టు కనిపించకుండా చున్నీ వేసుకోవాలి, మగవారు మోకాళ్లు కప్పుకోవాలి. గల్ఫ్‌లో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులు షేక్ జాయెద్ మసీదు చూడకుండా రారు కనుక చెబుతున్నాను: అక్కడ ఆడవారికి తల, చేతులు మణికట్ల దాకా, కాళ్లు చీలమండల దాకా కప్పే వదులైన దుస్తులు ఉండాలి. చీర కట్టుకుని వెళ్లేవారు నడుము, వీపు కనిపించకుండా పొడవు చేతుల రవికె, పైన చున్నీ చూసుకుంటే వాకిట్లో ఇబ్బంది ఉండదు. అక్కడికి వెళ్లాక పైన వేసుకునే పొడవాటి అబాయా దొరుకుతుందిలే అన్న ధీమాతో వెళ్లకపోవడం మంచిది.

చర్చిలో తెలుగు నేలకు ఒక సొంత పద్ధతి ఉంది. మన పల్లెల్లో చాలా చర్చిల దగ్గర చెప్పులు బయటే విడుస్తారు, ఆడవారు ఒకపక్క, మగవారు ఒకపక్క చాపల మీద కూర్చుంటారు, ప్రార్థన మొదలవగానే ఆడవారు కొంగు తల మీదికి తెచ్చుకుంటారు. దీనికి ఆధారం పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖ పదకొండవ అధ్యాయంలో ఉంది: ప్రార్థించే స్త్రీ తల కప్పుకోవాలి, పురుషుడు కప్పుకోకూడదు. అదే క్రైస్తవం అయినా ఐరోపాలోని చర్చిల్లో బూట్లతోనే లోపలికి వెళ్తారు, తల కప్పుకునే ఆడవారు ఇప్పుడు తక్కువ. కానీ రోములో సెయింట్ పీటర్స్ చర్చికి వెళ్లేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: భుజాలు, మోకాళ్లు కనిపిస్తే లోపలికి పంపరు. ఎండలో పెద్ద వరుసలో నిలబడి గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగే పర్యాటకులు అక్కడ మామూలే.

కేరళ ఆలయాల నియమం మనవారిని ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే గుడి మనదే అనుకుని వెళ్తాం. శబరిమల యాత్ర ముగించుకుని తిరువనంతపురం వెళ్లే తెలుగువారికి, పద్మనాభస్వామి ఆలయంలో మగవారు పంచె కట్టి చొక్కా లేకుండా వెళ్లాలన్న సంగతి సాధారణంగా తెలిసే ఉంటుంది. శ్రీశైలంలో స్పర్శ దర్శనానికి కూడా పంచె, ఉత్తరీయం అలవాటే. పద్మనాభస్వామి ఆలయానికి చుడీదార్‌తో వచ్చిన ఆడవారు మాత్రం దాని పైన పంచె చుట్టుకుని వెళ్లాలి. 2016 నవంబరులో ఆలయ కార్యనిర్వహణాధికారి చుడీదార్‌ను నేరుగా అనుమతిస్తే, ఆ నిర్ణయం తీసుకునే అధికారం ఆయనకు లేదని డిసెంబరులో కేరళ హైకోర్టు చెప్పింది. అటువైపు, మగవారు చొక్కా విప్పే పద్ధతిని మానుకోవాలని శివగిరి మఠాధిపతి 2024 డిసెంబరు చివర పిలుపునిచ్చారు, ముఖ్యమంత్రి పినరయి విజయన్ ఆ మాటను సమర్థించారు, దాని మీద కేరళలో పెద్ద చర్చే జరిగింది. వస్త్రనియమం అనగానే అది అనాదిగా మారకుండా వస్తున్నదని, ఆ మతంలోని వారందరూ దానికి తలూపుతారని అనుకోకూడదు. చర్చ వారి ఇంట్లోనే నడుస్తూ ఉంటుంది. అతిథిగా వెళ్లినవాడు ఆ పూటకు ఉన్న నియమాన్ని పాటించి రావడమే సబబు.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. యాదాద్రి భువనగిరి జిల్లా కొలనుపాక వంటి జైన క్షేత్రాల్లోకి తోలు బెల్టు, తోలు పర్సు తీసుకెళ్లకూడదు. బ్యాంకాక్‌లో రాజప్రాసాదం ఆవరణలోని మరకత బుద్ధుడి ఆలయంలో చేతులు లేని జుబ్బా మీద శాలువా కప్పుకుంటే ఒప్పుకోరు. చేతులున్న దుస్తులే ఉండాలి. శ్రీలంకలో బుద్ధుడి దంతం ఉన్న క్యాండీ దంతాలయానికి భక్తులు ఎక్కువగా తెల్లని దుస్తుల్లో వస్తారు, టోపీ తీసేస్తారు. బుద్ధ విగ్రహానికి వీపు చూపిస్తూ ఫొటో దిగడం అక్కడ అవమానంగా భావిస్తారు. చేతి మీద బుద్ధుడి పచ్చబొట్టు ఉందన్న కారణంతో 2014లో ఒక బ్రిటిష్ పర్యాటకురాలిని ఆ దేశం నుంచి వెనక్కి పంపారు. తరవాత అక్కడి సుప్రీంకోర్టు ఆమెకు నష్టపరిహారం ఇప్పించింది. బాలిలో ఆలయాల్లోకి వెళ్లాలంటే నడుముకు లుంగీలాంటి సరోంగ్, దాని మీద పట్టీ కట్టాలి. పెద్ద ఆలయాల దగ్గర అద్దెకో ఉచితంగానో దొరుకుతాయి. జెరూసలేంలో యూదుల పవిత్ర స్థలమైన పశ్చిమ గోడ దగ్గర మగవారు తల కప్పుకోవాలి, చిన్న టోపీలు అక్కడే ఇస్తారు. ఆడవారికి, మగవారికి వేర్వేరు భాగాలు ఉంటాయి.

మనుషుల దగ్గర

ప్రార్థనా స్థలంలో నియమం బోర్డు మీద రాసి ఉంటుంది. మనిషి విషయంలో అలాంటి బోర్డు ఏదీ ఉండదు. ఒక స్త్రీ హిజాబ్ ధరించిందంటే ఆమె ధరించిందన్నది ఒక్కటే మనకు తెలిసినట్టు. ఎందుకు ధరించింది, ఎవరైనా చెప్పారా, తానే ఎంచుకుందా, ఇంట్లో మిగిలినవారు ధరిస్తారా అన్నవి మనకు తెలియవు. హైదరాబాదు పాతబస్తీలో ఒకే ఇంట్లో తల్లి నల్ల బురఖాలో, పెద్దకూతురు హిజాబ్‌తో, చిన్నకూతురు మామూలు చుడీదార్‌లో కనిపించడం వింత కాదు. కోస్తా జిల్లాల నూర్‌బాషా ముస్లిం కుటుంబాల్లో చాలామంది ఆడవారు ఇరుగుపొరుగు హిందూ స్త్రీల్లాగానే చీర కట్టుకుని, అవసరమైనప్పుడు కొంగు తల మీద వేసుకుంటారు. అంతమాత్రాన వారి విశ్వాసం తక్కువదని ఎవరూ అనలేరు.

కనీసం ఏది ఏమిటో తెలిసి ఉంటే సంభాషణ సాఫీగా సాగుతుంది. హిజాబ్ జుట్టును, మెడను కప్పుతుంది, ముఖం కనిపిస్తుంది. నిఖాబ్ ముఖాన్ని కప్పి కళ్లు వదులుతుంది. అబాయా మెడ నుంచి పాదాల దాకా వచ్చే వదులైన అంగీ. ఇరాన్‌లో కనిపించే చాదర్ తల మీది నుంచి ఒంటినంతా చుట్టే అరవృత్తాకారపు వస్త్రం. కళ్ల దగ్గర జాలీ ఉండి మొత్తం కప్పేది అఫ్ఘాన్ బురఖా. ఇవన్నీ ఆడవారికి సంబంధించినవే అయినా, ఈ నియమం మగవారికి లేదనుకోవడం పొరపాటు. ఖురాన్ 24వ సూరాలో చూపు దించుకుని శీలం కాపాడుకోమని 30వ వాక్యం ముందుగా మగవారికి చెబుతుంది, ఆ తరవాతి వాక్యమే ఆడవారి గురించి. మగవారు కనీసం బొడ్డు నుంచి మోకాళ్ల దాకా కప్పుకోవాలన్నది ముస్లిం ధర్మశాస్త్రంలో ఎక్కువమంది అంగీకరించిన మాట. మన చర్చల్లో మగవారి భాగం సాధారణంగా జారిపోతుంది.

సిక్కుల విషయంలో, 1699లో గురు గోవింద్ సింగ్ ఖాల్సా అనే దీక్షాపరుల సంఘాన్ని స్థాపించినప్పటి నుంచి దీక్ష తీసుకున్నవారు జుట్టు కత్తిరించకుండా ఉండటం, దువ్వెన, ఉక్కు కడియం, లోపలి నిక్కరు, కిర్పాన్ అనే చిన్న కత్తి ధరించడం పాటిస్తున్నారు. కిర్పాన్ ధరించడం సిక్కు మతాచరణలో భాగమని మన రాజ్యాంగం 25వ అధికరణ వివరణలోనే ఉంది. తలపాగా ధరించిన సిక్కులకు హెల్మెట్ నుంచి 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. కాబట్టి పక్కసీటులో కిర్పాన్ చూసి కంగారు పడటం గానీ, సరదాకి తలపాగాను తాకడం గానీ చేయకూడదు. తలపాగాను అనుమతి లేకుండా ముట్టుకోవడం పెద్ద అవమానం.

వస్త్రమే లేకపోవడం కూడా మతాచారమే అవుతుందని మనకు దిగంబర జైన మునులు చూపిస్తారు. సర్వం వదిలిన వారు వస్త్రాన్ని కూడా వదలాలన్నది వారి మతం. శ్వేతాంబర సాధ్వులు తెల్లని వస్త్రం ఒంటినిండా కప్పుకుని ఉంటారు. ఇద్దరూ ఒకే తీర్థంకరులను కొలుస్తారు. ఎంత గుడ్డ కట్టారన్నదాన్ని బట్టి భక్తిని కొలవడం కుదరదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

తిరుమలకు, న్యూయార్కుకు మధ్య జరిగిన ఒక సంగతి ఇక్కడ వివరంగా చెప్పాలి. సనాతన యూదు మతంలో పెళ్లయిన స్త్రీ తన జుట్టును పరాయివారికి కనిపించనివ్వదు. కొందరు గుడ్డ కట్టుకుంటారు, కొందరు టోపీ పెట్టుకుంటారు, కొందరు విగ్గు పెట్టుకుంటారు. విగ్గు కూడదని చెప్పే యూదు గురువులూ ఉన్నారు. అసలు జుట్టుతో చేసిన ఖరీదైన విగ్గుల్లో వాడే వెంట్రుకల్లో కొంత భాగం తిరుమలలో భక్తులు సమర్పించిన తలనీలాలు. కల్యాణకట్టలో మొక్కు తీర్చుకున్నవారి జుట్టును దేవస్థానం వేలంలో అమ్ముతుంది, అది చేతులు మారి విదేశాలకు చేరుతుంది. 2004 మే నెలలో ఇజ్రాయెల్‌లోని ప్రముఖ ధర్మాచార్యుడు రబ్బీ ఎల్యాషివ్, ఈ జుట్టు మరో దైవానికి చేసిన నైవేద్యం కిందికి వస్తుంది కనుక దాన్ని వాడరాదని తీర్పు ఇచ్చారు. విషయం తేల్చుకోవడానికి లండన్ నుంచి ఒక యూదు పండితుడు తిరుమల దాకా వచ్చి చూసి వెళ్లారు. తీర్పు వెలువడగానే న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో, ఇజ్రాయెల్‌లో కుటుంబాలు విగ్గులను వీధిలో కుప్పపోసి తగలబెట్టాయి. చాలామంది నైలాను విగ్గులకు, తలగుడ్డలకు మారారు.

ఈ వార్త చదివిన తెలుగువారికి కోపం రావడం సహజమే: మన స్వామికి ఇచ్చిన మొక్కును మంటల్లో వేశారని. కానీ వారి వైపు నుంచి చూస్తే వాదం సూటిగానే ఉంది. కల్యాణకట్టలో జుట్టు తీయించుకోవడమే నైవేద్యమా, లేక మనిషి తన అహంకారాన్ని వదులుకునే క్రియలో జుట్టు కేవలం రాలిపోయే వస్తువా అన్న ప్రశ్న మీద వారి పండితులు వాదించుకున్నారు. మొదటిదైతే ఆ వస్తువు నుంచి లాభం పొందడం వారి ధర్మంలో నిషిద్ధం. రెండవదైతే అభ్యంతరం లేదు. మన భక్తులను అడిగితే వారిలోనూ రెండు రకాల జవాబులు వస్తాయి. ఇక్కడ ఒక స్త్రీ అందమంతా తన జుట్టులోనే ఉందని తెలిసి దాన్ని వదులుకుంది. అక్కడ ఒక స్త్రీ తన జుట్టు దాచుకోవడానికి ఆ జుట్టునే తలకెత్తుకుంది, దాని పుట్టుక తెలిశాక తీసేసింది. ఇద్దరూ తమ ధర్మానికి కట్టుబడ్డవారే. ఈ గొడవలో ఎవరినీ వెక్కిరించనక్కర్లేదు, ఎవరితోనూ ఏకీభవించనక్కర్లేదు కూడా. అవతలివారి నియమాన్ని దాని సొంత తర్కంతో ఒకసారి చెప్పగలగడం అలవాటు చేసుకోవాలి. ఆ తరవాత మన అభిప్రాయం మనం చెప్పుకోవచ్చు.

బలవంతం గురించి కూడా మాట్లాడాలి, ఎందుకంటే వస్త్రం మీద చర్చ మొదలైతే అక్కడికే చేరుతుంది. ఇరాన్‌లో 1936లో రెజా షా ప్రభుత్వం ఆడవారి పరదాను నిషేధించి, పోలీసులతో వీధుల్లో తీయించింది. 1979 విప్లవం తరవాత వచ్చిన ప్రభుత్వం హిజాబ్‌ను తప్పనిసరి చేసింది. 2022 సెప్టెంబరులో హిజాబ్ సరిగా లేదని పట్టుకెళ్లిన మహ్సా అమీనీ నిర్బంధంలో మరణించింది. ఫ్రాన్స్ 2004లో ప్రభుత్వ పాఠశాలల్లో ప్రస్ఫుటంగా కనిపించే మతచిహ్నాలను, 2010లో బహిరంగ స్థలాల్లో ముఖం కప్పుకోవడాన్ని నిషేధించింది. మన పక్క రాష్ట్రం కర్ణాటకలో కళాశాలల్లో హిజాబ్ నిషేధాన్ని 2022 మార్చి 15న హైకోర్టు సమర్థించింది, అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. ఇలాంటి సంగతులు చర్చించేటప్పుడు రెండు ప్రశ్నలను కలపకుండా చూసుకోవాలి. ప్రభుత్వం తప్పనిసరి చేయవచ్చా, నిషేధించవచ్చా అన్నది రాజకీయ ప్రశ్న, దాని మీద ఎవరైనా గట్టిగా వాదించవచ్చు. మన ముందు నిలబడిన అమ్మాయి తల మీది గుడ్డ అన్నది ఆమె సొంత విషయం. ఇరాన్ ప్రభుత్వం చేసినదానికి జవాబు ఆమెను అడగకూడదు. అయ్యప్ప మాల వేసుకున్న పిల్లవాణ్ణి యూనిఫారం లేదని బడి గుమ్మం దగ్గర ఆపారన్న వార్తలు అప్పుడప్పుడు మన దగ్గరా వస్తుంటాయి. ఆ నలభై ఒక్క రోజుల నల్లబట్టల మీద మనకు వచ్చే ఉక్రోషం హిజాబ్ విషయంలో రాకపోతే, లేదా హిజాబ్ మీద వచ్చింది మాల విషయంలో రాకపోతే, అది ఎందుకో ఎవరికి వారు ఆలోచించుకోవలసిందే.

ఆఫీసులో, ఆసుపత్రిలో, పరీక్ష హాలులో

కరచాలనం దగ్గర చాలామందికి తడబాటు ఉంటుంది. నియమనిష్ఠలు పాటించే ముస్లింలలో, సనాతన యూదులలో మగవారు పరాయి స్త్రీలను, ఆడవారు పరాయి పురుషులను తాకరు. అవతలివారు చెయ్యి చాచేదాకా మనం చాచకుండా ఉంటే సరిపోతుంది, మనకు నమస్కారం ఉండనే ఉంది. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని తలవంచినా చాలు. ఎవరైనా మీ చెయ్యి అందుకోకపోతే అది మీ కులం, మతం చూసి చేసినదనుకోవద్దు.

ప్రశ్నలు అడగవచ్చా? పరిచయం ఉంటే అడగవచ్చు. "ఎండాకాలం ఉక్కపోయదా?", "మీ ఆయన వేసుకోమన్నాడా?" వంటివి ప్రశ్నల్లా కనిపించే విమర్శలు. "ఫొటో దిగుదామా, మీకు అభ్యంతరం లేదు కదా?", "నమాజుకు గది ఏమైనా చూడమంటారా?" వంటివి పనికొచ్చే ప్రశ్నలు. ఒకరోజు సరదాగా హిజాబో తలపాగానో ధరించి చూస్తాననేవారు ఉంటారు. పిలిచినవారి ఇంట్లో, వారి సహాయంతో అయితే తప్పులేదు గానీ, పండుగ వేషంలా కట్టుకుని ఫొటోలు పెట్టడం నాకు రుచించదు.

నియామకాలు చూసే స్థానంలో ఉన్నవారికి చట్టం కూడా తెలిసి ఉండాలి. అమెరికాలో హిజాబ్ ధరించిన అమ్మాయికి దుకాణంలో ఉద్యోగం నిరాకరించిన కేసులో, అబర్‌క్రాంబీ అండ్ ఫిచ్ సంస్థకు వ్యతిరేకంగా 2015లో అక్కడి సుప్రీంకోర్టు 8–1 తేడాతో తీర్పు చెప్పింది. మతాచారానికి సర్దుబాటు చేయవలసి వస్తుందని ఉద్యోగం ఇవ్వకపోవడం వివక్షేనని దాని సారం. కెనడాలో క్యూబెక్ రాష్ట్రం 2019 చట్టంతో ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులు, పోలీసులు, ప్రభుత్వ న్యాయవాదులు పనివేళల్లో మతచిహ్నాలు ధరించకూడదని నిషేధించింది. అక్కడికి ఉద్యోగానికి వెళ్లే మనవారు ఏ రాష్ట్రంలో ఏ నియమం ఉందో చూసుకోవాలి.

ఆసుపత్రిలో పరీక్ష కోసం తల మీది గుడ్డ, తలపాగా, కడియం తీయవలసి వస్తే ముందుగా చెప్పి, కారణం చెప్పి, తీయడానికి చాటు ఇవ్వాలి. సాధ్యమైతే స్త్రీకి స్త్రీయే సాయపడాలి. తలపాగాను నేల మీదో చెప్పుల పక్కనో పెట్టకూడదు. పరీక్ష హాళ్లలో కూడా ఇదే పద్ధతి. సంప్రదాయ దుస్తుల్లో వచ్చే అభ్యర్థులు తనిఖీకి ముందుగా రావాలని నీట్ సూచనల్లోనే ఉంటుంది; పిల్లలకు ఆ సంగతి ముందే చెప్పి పంపితే గేటు దగ్గర కన్నీళ్లు ఉండవు. పాస్‌పోర్టు ఫొటోలో మతకారణంతో తల కప్పుకోవచ్చు, గడ్డం నుంచి నుదురు దాకా ముఖం స్పష్టంగా కనిపించాలి.

మన ఇంటికి వచ్చినవారు

ఇప్పటిదాకా మనం అతిథులుగా వెళ్లడం గురించి చెప్పాను. మనం పిలిచినప్పుడు కూడా ఇంతే శ్రద్ధ ఉండాలి. పెళ్లికో గృహప్రవేశానికో ఇతర మతస్థులను, విదేశీ మిత్రులను పిలిచేవారు చెప్పులు ఎక్కడ విడవాలో, కింద కూర్చోవలసి వస్తుందేమో, గుడిలో చేస్తున్నట్టయితే భుజాలు కప్పుకోవాలని ముందే చెప్పాలి. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయం వంటి చోట్లకు అమెరికన్ మిత్రులను తీసుకెళ్లేవారు ఈ మాట వాకిట్లో చెప్పే బదులు ఆహ్వానంలోనే రాస్తే వారికి ఇబ్బంది తప్పుతుంది. శుభకార్యానికి ఎవరైనా నల్లబట్టలతో వస్తే పెద్దవాళ్లు ముఖం చిట్లించుకోకుండా ఇంట్లోవారే ముందు సర్దిచెప్పి ఉంచాలి. నలుపు మనకు అమంగళమైతే, ఆ వచ్చినావిడకు అది పండుగ దుస్తు అయి ఉండవచ్చు.

తెలుగు పల్లెల్లో ఈ పొరపాటు పొరుగింటి మధ్యే జరుగుతూ ఉంటుంది. పెంతెకొస్తు సంఘాలకు వెళ్లే స్త్రీలలో చాలామంది బొట్టు పెట్టుకోరు, పూలు పెట్టుకోరు, నగలు ధరించరు, ఆదివారం తెల్లచీర కట్టుకుంటారు. ఆడంబరం వదలడం వారి విశ్వాసంలో భాగం. అదే తెల్లచీర, బొట్టులేని నుదురు పక్కింటి హిందూ ముసలమ్మ కళ్లకు వైధవ్యంలా కనిపిస్తుంది, "మొగుడుండగానే ఇదేం వేషమే తల్లీ" అనేస్తుంది. ఆ మాటలో దురుద్దేశం ఉండకపోవచ్చు గానీ, విన్నవారికి నొప్పి తగ్గదు. ఇంటి కోడళ్లు, మనవరాళ్లు ఈ సంగతి పెద్దవారికి ఏకాంతంలో చెప్పి ఉంచవచ్చు. అందరి ముందు దిద్దితే వారికీ చిన్నతనంగా ఉంటుంది.

పేరంటానికి వచ్చిన క్రైస్తవ, ముస్లిం స్నేహితురాలికి బొట్టు పెట్టబోయే ముందు "పెట్టమంటారా అండీ?" అని అడగాలి. చేతిలో కుంకుమభరిణె ఎత్తి పట్టుకుని కాదు, కాస్త ముందుగా, పక్కకు తీసుకెళ్లి. వద్దంటే రెట్టించకూడదు. ఆమెకు ఇచ్చే తాంబూలంలో పసుపు కుంకుమ పొట్లాలు తీసి, పండ్లు, రవికెగుడ్డ, మిఠాయి మిగతావారికి ఇచ్చినంతే ఇవ్వాలి. కొందరు తాంబూలాన్ని యథాతథంగా తీసుకుంటారు, కొందరు ప్రసాదం మాత్రం తీసుకోరు. అందుకే దేవుడి ముందు పెట్టనివి కొన్ని విడిగా ఉంచుకుంటే ఎవరికీ అడగవలసిన పని, చెప్పవలసిన పని ఉండదు.